గంజి పెట్టిన నెట్టు

మొన్న ఎండాకాలం సెలవుల ఆటలు మొదలయ్యే ముందు రోజు, చినిగిన చోటల్లా ముడులు వేయించి తెచ్చిన వాలీబాల్ నెట్టును గ్రౌండులో విప్పి, ఎవరూ చూడటం లేదనుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. స్తంభానికి తాడు కడుతున్న పిల్లలు చూడనే చూశారు.

"అరేయ్, ఆంటీ నెట్టు వాసన చూస్తుందిరో!"

"తినేదా ఆంటీ అది?"

"ఒకప్పుడు తినేదే," అన్నాను.

వాళ్లు కడుపు పట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అన్నది నిజం. మా గల్లీ నుంచి పోయిన మొదటి నెట్టు తినే వస్తువే. అది తిన్న ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. తెల్లని గడ్డం, పసుపు కళ్లు, మూతి పక్కన వేలాడుతున్న దారప్పోగు.

మా సంఘం ఆడవాళ్లం కొందరం కలిసి, ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు సెలవుల్లో ఆటలు నేర్చుకోవడానికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. లెక్కలు చూసేది నేను. బడి చదువు నడుమనే ఆగింది కానీ, చేతికి దొరికిన ప్రతిదాన్నీ కొలిచి, భాగించి చూసే అలవాటు ఆగలేదు. ఈ ఏర్పాటులో ఒక పద్ధతి ఉంది, కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందని అడిగితే ఒక మేక దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాలి.

మేక కన్నా ముందు మా గల్లీ సంగతి.

మాది మరమగ్గాల గల్లీ. షెడ్డును ఆనుకొని షెడ్డు, వాటి సందుల్లో ఇళ్లు. పొద్దున కరెంటు వచ్చిందంటే మగ్గాలు మొదలయ్యేవి. ఆ చప్పుడులో మాట వినపడాలంటే అరవాలి. అరిచి అరిచి అదే మా మామూలు గొంతు అయిపోయింది. చుట్టాల ఊరికి పోతే, "ఎందుకు కొట్లాడుతున్నరు?" అని పక్కింటివాళ్లు వచ్చి అడిగేవారు. మేం అక్కడ కూర బాగుందని చెప్పుకుంటూ ఉండేవాళ్లం. నాన్నను మేం బాపు అనేవాళ్లం, ఆయనకైతే చెవులతో పని లేకుండా పోయింది. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకునేవాడు.

ఇంట్లో బాపు, అవ్వ అని పిలిచే మా అమ్మ, అక్క, నేను, బాపును కన్న మా బాపమ్మ. బాపు పక్క షెడ్డులో కూలికి మగ్గాలు నడిపేవాడు. అవ్వ మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. పొద్దున మక్కగడ్క, మామిడికాయ తొక్కు, మధ్యాహ్నం అన్నం, పండుగ నాడు సర్వపిండి. ఎండాకాలంలో అడవి దిక్కు నుంచి వచ్చే ఆడవాళ్లు దోసిళ్లతో కొలిచి అమ్మే తునికి పండ్లు. మగ్గాలకు పోసే నూనె వాసన అన్నిట్లో కలిసేది. తొక్కులో కూడా ఆ వాసన ఉండేదని పెళ్లై వచ్చిన కొత్త కోడళ్లు ముక్కు చిట్లించేవారు. మాకు అది లేకపోతేనే చప్పగా ఉండేది.

బాపమ్మది వేరే కాలం. చేతిమగ్గాల కాలంలో గల్లీ మొత్తానికి పడుగులకు గంజి పెట్టే పెద్దమనిషి ఆమె. నిలువు దారాన్ని వీధి పొడవునా చాపి, నూకల గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఎండబెడితే దారం బిగుసుకొని మగ్గం దెబ్బకు తెగదు. మరమగ్గాలు వచ్చాక గంజి పట్టించిన దారమే మిల్లు నుంచి చుట్టి వచ్చేది. బాపమ్మ కుంచె గోడకెక్కింది. ఆమె మాత్రం పండుగ పండుగకు దాన్ని దించి, నూనె రాసి, మళ్లీ తగిలించేది.

"ఎవలికి పెడుతవే గంజి ఇప్పుడు?" అని బాపు నవ్వేవాడు.

"నీకు పెడుత. వంగిపోతున్నవ్ గద, నిటారుగ నిలవడుతవ్," అనేది.

బాపు ధోవతికి, అవ్వ చీరలకు మాత్రం ఆమే గంజి కాచేది. ఆ కుండ దించి ఆమె అటు తిరగగానే నేనూ అక్కా చెరొక గిన్నె ముంచేవాళ్లం. అందులో ఉప్పు గల్లు, పక్కన ఉల్లిగడ్డ. బట్టలకు గంజి చాలక ఆమె కుండలోకి చూసి, "పిల్లులు జొరవడ్డయి," అని మా ఇద్దరి మూతుల దిక్కు చూసేది. అంత రుచి ఆ గంజి. నూకలు రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికించి, గుడ్డలో వడగట్టి, చివర కొంచెం నువ్వుల నూనె కలిపేది. ఆ నూనె దారానికి మెరుపు కోసం. మా నాలుకలకు ఆ తేడా తెలియదు.

అక్క నా కన్నా నాలుగేళ్లు పెద్ద. పొడుగు. షెడ్డు రేకుల కింద దూలం ఉండేది. ఎగిరి దాన్ని తాకి దిగేది. ఏ పనికి పోతున్నా మధ్యలో ఒకసారి ఎగిరి తాకాల్సిందే. "దూలం మీద దయ్యముందా ఏందే, పలకరించి పోతున్నవ్?" అని బాపమ్మ కసిరేది. బడిలో అక్క వాలీబాల్ ఆడేది. ఆ సంవత్సరం బళ్ల మధ్య పోటీల్లో ఆమె కొట్టిన బంతులు చూసి, మిషన్ బడి ఆటల సారు ఒకరోజు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

మిషన్ బడి అంటే ఊరి చివర చర్చి కాంపౌండులో ఉండేది. ఎండాకాలం సెలవుల్లో అక్కడ ఆటల క్యాంపు పెట్టేవారు. ఊళ్లో మంచి గ్రౌండు అదొక్కటే. ఆ క్యాంపులో బాగా ఆడిన పిల్లలనే కరీంనగర్‌లో జిల్లా జట్టు ఎంపికకు తీసుకుపోయేవారు. క్యాంపుకు ఫీజు ఉండేది. బాపు వారం కూలిలో సగానికి కొంచెం పైన. నేను అప్పటికే ఆ లెక్క చేసి, అక్కకు చెప్పి, తిట్లు తిన్నాను.

సారు వచ్చిన వేళకు మగ్గాలు జోరు మీదున్నాయి. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి బాపుతో మాట్లాడుతున్నాడు. ఏమీ వినపడదు. చెయ్యి ఎత్తి బంతి కొట్టినట్టు చూపించాడు. బాపు తల అడ్డంగా ఊపాడు. సారు దగ్గరికి జరిగి, నోటి చుట్టూ చేతులు పెట్టి గట్టిగా అరిచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గల్లీలో ఉన్న మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సారు గొంతు ఒక్కటే, చివరింటి దాకా:

"బీదోళ్లని రాసిచ్చి ఫీజు మాఫ్ చేయిస్త!"

 ఎదురింటి కిటికీలో ఒక తల కనిపించింది. పక్క షెడ్డు నుంచి ఇంకో రెండు. బాపు చేతిలో ఉన్న కండెను అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా గూట్లో పెట్టాడు.

"వద్దు సారూ," అన్నాడు. అంత చిన్న గొంతుతో బాపు మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు. "మేం మాఫ్ అడగలే. నా బిడ్డ ఉత్తగ ఆడదు."

"అట్ల కాదు, పిల్ల మంచిగ..."

"మంచిగ ఆడుతదని నాకెరుకే."

సారు చెమట తుడుచుకొని పోయాడు. చెడ్డవాడు కాదు పాపం. మా గల్లీలో కరెంటు ఎప్పుడు పోతుందో ఆయనకు తెలియదు, అంతే.

బాపమ్మకు ఇది బాగానే కుదిరింది. "ఆడివిల్ల గాలిల ఎగురుడేంది, ఎవలన్న సూస్తే? సెలవుల్ల అవ్వ పక్కన కూసుండి కండెలు సుట్టు. మల్ల బడి తెరిసెదాంక నాలుగు పైసలొస్తయి," అని చరఖా తెచ్చి అక్క ముందు పెట్టింది. అక్క కూర్చుంది.  చుట్టింది. చుట్టిన కండెలన్నీ వదులు. మగ్గంలో పెడితే పోగు జారిపోయేది. అవ్వ వాటిని బాపు కంట పడకుండా మళ్లీ చుట్టేది. అక్క దూలం కిందనుంచి మామూలుగా నడిచిపోవడం అప్పుడే మొదటిసారి చూశాను. నాకు దూలాన్ని చూస్తేనే ఏడుపు వచ్చింది.

ఈ సారి ఎంపిక తప్పితే వచ్చే ఏడు అక్క వయసు ఆ జట్టుకు దాటిపోతుంది. ఆ లెక్క కూడా నేనే చేశాను. కానీ ఎవరికీ చెప్పలేదు.

రెండు రోజులకు సారు మళ్లీ వచ్చాడు. ఈసారి కరెంటు లేని వేళ చూసి వచ్చాడు. ఇంటి ముందరి గద్దె మీద కూర్చున్నాడు. అవ్వ ఇచ్చిన చాయ ఊదుకుంటూ, అక్క పేరు ఎత్తకుండా, తన బాధ చెప్పుకున్నాడు.

"నెట్టు చినిగిపోయిందే. కొందామంటే కమిటీ పెద్దమనిషి పైసలు లెవ్వంటుండు. నువ్వు నేస్తవ్ గదా, ఏమన్న జేయరాదు?"

"నెట్టు నేసేది కాదు సారూ, అల్లేది," అన్నాడు బాపు.

"ఏదైతేంది, దారమే గద."

బాపు గడ్డం గోక్కున్నాడు. సారు చాయ కప్పు కింద పెట్టి, "నువ్వు నెట్టిస్తే మీ గల్లీ పిల్లలు ఎందరొస్తె అందరికి ఫీజు బదులు అదే. ఇది మాఫ్ కాదు. నీకూ నాకూ చెల్లు," అన్నాడు.

బాపు చాలాసేపు ఆలోచించాడు. చివరికి, "పొడుగెంత?" అని అడిగాడు. చరఖా ఆగిపోయింది. అక్క తల ఎత్తలేదు గాని, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఆ రోజుల తర్వాత ఎంతో సంతోషం చూశాను గాని, ఆ వారం లాంటి వారం మళ్లీ రాలేదు. మగ్గం మీద పడుగు అయిపోయాక మిగిలిన పోగులు ఇంటింటి నుంచి తెచ్చారు. వాటిని పెనవేసి బాపు సన్న తాడు చేశాడు. సారు కొలత మీటర్లలో చెప్పాడు, బాపుకు మూరలు తప్ప తెలియదు. బడి స్కేలుతో బాపు మూరను కొలిచి, నేను మార్చి చెప్పాను. ఎంత తాడు కావాలో తెలియక అందరూ తలలు పట్టుకుంటే, ఒక్క గడి అల్లించి, దానికి పట్టిన తాడు కొలిచి, గడుల సంఖ్యతో గుణించి చెప్పాను. బడి బయట నేను చేసిన మొదటి పెద్ద లెక్క అది. "పోరి పంతులమ్మయితది," అన్నారు ఎవరో. కాలేదు. కానీ ఆ మాట ఎన్నాళ్లు దాచుకున్నానో.

ముడి ఎట్లా వేయాలో చూపించమని బాపు చెరువులో చేపలు పట్టే ముసలాయన దగ్గరికి పోయాడు. ఆయన ఒక ముడి వేసి చూపించి, బాపు ముఖం చూసి నవ్వాడట. తెగిన పోగును అతకడానికి మా వాళ్లు రోజూ వేసే ముడే అది. "మీ సాలోళ్ల ముడే గదనే ఇది! దీనికోసం ఇంత దూరం నడిసొచ్చినవా?" అని, తిరిగి వచ్చేటప్పుడు నాలుగు చేపలు కూడా ఇచ్చి పంపాడు.

సాయంత్రాలు గద్దెల మీద కూర్చొని అందరూ అల్లారు. నెట్టు తయారైంది. బాపు దాన్ని తలుపుకు వేలాడదీసి మురిసిపోతుంటే, బాపమ్మ వచ్చి వేళ్లతో పట్టి చూసి, ముఖం చిట్లించింది.

"గంజేది?"

"నెట్టుకు గంజెందుకే?"

"ఎందుకా? గంజి వెట్టని దారం బట్టలేని బరిబాతల మనిషి లెక్క. పరాయోళ్ల వాకిట్లకు మన గల్లీ పనితనం గిట్ల పోతదా? నేను బతికుండంగ పోదు."

బాపు అవ్వ దిక్కు చూశాడు. అవ్వ పొయ్యి దిక్కు చూసింది. అక్కను ఆటకు పంపొద్దన్న మనిషి, నెట్టు గంజి లేకుండా పోవద్దని కూర్చుంది. గోడ మీది కుంచె దిగింది.

మరునాడు తెల్లవారుతుండగా వీధిలోకి వచ్చి చూశాను. ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ. నడుమ నెట్టు చాచి ఉంది. చేతిమగ్గాలు పోయాక ఇంట్లోంచి కదలని ముసలివాళ్లు కూడా కర్రలు పట్టుకొని వచ్చారు. గంజి వాసన, నువ్వుల నూనె వాసన, తడిసిన మట్టి వాసన. బాపమ్మ కొంగు నడుముకు చుట్టి, కుంచె పట్టుకొని ఒక్కొక్క గడిని దువ్వుతూ నడుస్తోంది.

"అగో, గక్కడ గంజి పలసగైంది!" అన్నాడు ఒక ముసలాయన కర్ర చాపి.

"నీ కండ్లు పలసగైనయి ముసలోడా. నేను వెట్టిన గంజికి పేరు వెడుతవా?"

"నీ పెండ్లప్పటిసంది గిట్లనే పలసగ వెడుతవ్!"

"నా పెండ్లి నాడు నువ్వు లాగు లేకుంట తిరిగినవ్, నోరు మూసుకో!"

గల్లీ అంతా నవ్వింది. కరెంటు ఇంకా రాలేదు కాబట్టి ఆ నవ్వు అంతా వినపడింది. నేనూ అక్కా గుంజ వెనక నక్కి, కుండలో మిగిలిన గంజికి ఉప్పు వేసుకొని తాగాం. ఎన్నాళ్లకో అక్క నవ్వింది.

పొద్దెక్కేసరికి నెట్టు అప్పడమైంది. చుట్టబెడదామంటే చుట్టుకోదు, మడతపెడదామంటే మడత పడదు. గల్లీ పిల్లలం అటూ ఇటూ పట్టుకొని, బజారు నడుమ నుంచి మంచం మోసినట్టు మోసుకుపోయాం. "ఏం దొరికినయిరా చేపలు?" అని అడిగిన ప్రతివాళ్లకూ, "మొసలి దొరికింది!" అని చెప్పుకుంటూ పోయాం. సారు దాన్ని స్తంభాలకు కట్టి, వేలితో మీటాడు. టంగుమంది. "శభాష్, చర్చి గంట లెక్క మోగుతుంది," అన్నాడు. రేపు పొద్దున రమ్మన్నాడు.

ఆ కాంపౌండులో ఒక మేక ఉండేది. కోతపండుగకు ఎవరో కానుకగా ఇచ్చిన పిల్ల అది. ఆ పండుగలో కానుకలను వేలం వేస్తారు. పాట పాడి గెలిచినాయన పైసలు కట్టి, మేకపిల్లను మళ్లీ చర్చికే ఇచ్చేశాడట. దేవుడికి రెండుసార్లు ఇచ్చిన మేక కాబట్టి దాన్ని ఎవరూ కట్టేయరు, ఎవరూ కొట్టరు. చర్చి అయ్యగారి భార్యను అందరూ అమ్మగారు అనేవారు. ఆమె దాన్ని గారాబంగా సాకేది.

పొద్దున మేం చేరేసరికి నెట్టు నడుమ మనిషి దూరేంత కంత. కింద నిలబడి మేక, తాపీగా నములుతూ, మా దిక్కు చూసింది. మూతి పక్కన దారప్పోగు. రాత్రి పడ్డ రెండు చినుకులకు గంజి మెత్తబడింది కాబోలు, దానికి పెళ్లి భోజనం దొరికింది.

అక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. చుట్టూ తెల్ల బూట్లు వేసుకున్న పిల్లలు. సారు నెత్తి కొట్టుకున్నాడు. కమిటీ పెద్దమనిషి వచ్చి, కంతను చూసి, మమ్మల్ని చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఫీజు బదులు నెట్టన్నరు. నెట్టేది? నెట్టు లేదు, ఫీజు లేదు. మరి ఈ పిల్లల్ని ఏ లెక్కల రాసుకోవాలె?"

 లెక్క ప్రకారం ఆయన అన్నది తప్పు కాదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. నెట్టు రాత్రి దాకా మాదా, వాళ్లదా? ఎవరి చేతిలో ఉండగా పోయింది? ఎటు కూడినా అక్క గేటు బయటనే ఉంది.

ఎవరో పరుగెత్తి గల్లీలో చెప్పినట్టున్నారు. బాపు మగ్గం వదిలి వచ్చాడు. వెనకాల కర్ర టకటకలాడిస్తూ బాపమ్మ. ఎవరితోనూ మాట్లాడకుండా నెట్టు దగ్గరికి పోయి కంతలో తల పెట్టి చూసింది.

"ఎంత దిన్నది?"

"నడుమ ముక్క మొత్తం బాపమ్మా," అన్నాను ఏడుపు గొంతుతో.

"ఇంకేమన్న దిన్నదా? గా చెట్లు, గా పాత నెట్టు?"

"లేదు. ఇదొక్కటే."

బాపమ్మ మేక ముఖంలోకి వంగి చూసింది. మేకా ఆమెను చూసింది. మెల్లగా బాపమ్మ మూతి విచ్చుకుంది.

"సూసినవారా," అంది బాపుతో. "గంజి పలసగైందన్నడు గా ముసలోడు. వాన్ని పిలుసుకరా. మేకనడుగుమను."

ముందు సారు నవ్వాడు. తర్వాత ఆపుకోలేక అందరూ. నవ్వు విని అమ్మగారు ఇంట్లోంచి వచ్చారు. పెద్దమనిషి జరిగింది చెప్పి, "మీరే చెప్పుండ్రి అమ్మగారూ, ఫీజు ముట్టినట్టా, ముట్టనట్టా?" అని అడిగాడు.

అమ్మగారు మేకను చూశారు, నేల మీద కూర్చున్న అక్కను చూశారు.

"మేక ఎవరిది?"

"చర్చిది."

"చర్చి మేక కడుపుల వడ్డదంటే చర్చికి ముట్టినట్టే గదా. ఇంకెట్ల ముడుతది? పిల్లల్ని లోపలికి రానియ్యుండ్రి." వెంటనే బాపమ్మ దిక్కు తిరిగి, "పెద్దమ్మా, గంజిల ఏం కలిపినవ్? మా చీరలకు గింత బిరుసు రాదు," అని అడిగారు.

"నువ్వుల నూనె జర. గది ఎవలికి చెప్పకు."

ఆ మధ్యాహ్నమే నెట్టును బడి నీళ్ల తొట్టిలో నానేసి గంజి అంతా కడిగారు. బాపమ్మ అటు తిరిగి నిలబడింది, చూడలేక. బాపు కంతను మళ్లీ అల్లాడు. కడిగాక నెట్టు నడుమ జారి, ముసలి గేదె వీపులా వంగింది. కానీ ఆట సాగింది.

మేకకు మాత్రం రుచి మరిగింది. కడిగినా వాసన పోలేదేమో, మళ్లీ మళ్లీ వచ్చేది. దానికి కావలి ఉండటానికి బాపమ్మ రోజూ పొద్దున కర్ర పట్టుకొని మాతో వచ్చేది. స్తంభం పక్కన తుమ్మచెట్టు నీడలో గోనెసంచి పరుచుకొని కూర్చునేది. కొన్నాళ్లు మేకనే చూసింది. తర్వాత బంతిని చూసింది. ఒకరోజు నన్ను పిలిచి, "మన దిక్కు కింద వడొద్దు, ఆళ్ల దిక్కు వడాలె. గంతే గద?" అని అడిగింది. గంతే అన్నాను. "గీ దానికి గంత సదువా!" అని, ఆ రోజు నుంచి మొదలుపెట్టింది. మగ్గాల మధ్య పెరిగిన గొంతు. గ్రౌండు దాటి చర్చి దాకా వినపడేది.

"ఎగురే పోరీ! గడ్క దినలేదా పొద్దుగాల? దూలం అందుకుంటవ్ గని, గిదందదా?"

అక్క నవ్వుతూ ఎగిరేది. ఆమె చెయ్యి నెట్టు పైన ఆగినట్టే ఆగి బంతిని కొట్టేది. అమ్మగారు మధ్యలో వచ్చి బాపమ్మ పక్కన కూర్చొని చాయ ఇచ్చేవారు. ఇద్దరి నడుమ మేక పడుకునేది.

అక్క జిల్లా జట్టుకు ఎంపికైంది. మొదటి ఆట సుల్తానాబాద్‌లో గెలిచారు, రెండోది నిర్మల్‌లో ఓడారు. ఓడినందుకు ఏడుస్తూ వస్తుందనుకుంటే, సంచిలోంచి కాగితం పొట్లం తీసి బాపమ్మ చేతిలో పెట్టింది. రంగులేసిన కొయ్యబొమ్మ.

"మేకనా?" అంది బాపమ్మ.

"బొమ్మలమ్మెటాయన మేక లేదన్నడు బాపమ్మా. జింక."

"కొమ్ములున్నయి, సాలు," అని గూట్లో పెట్టుకుంది. ఆ పక్క నుంచి పోయినప్పుడల్లా దాని నెత్తి మీద వేలితో కొట్టి, "నా గంజి దిన్నవ్," అనేది. బాపమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. జింక నెత్తి మీద రంగు పోయి కొయ్య కనపడుతుంది. నా దగ్గరే ఉంది.

అక్క పెద్ద ఆటగత్తె ఏమీ కాలేదు. రెండు మూడేళ్లు ఆడింది, తర్వాత పెళ్లైంది. బావ శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పని. అక్కడి కాలనీలో సాయంత్రం పిల్లలను పోగు చేసి ఇప్పటికీ ఆడిస్తుంది. మోకాళ్ల నొప్పులు, అయినా కొంగు నడుముకు చుట్టి నిలబడుతుంది. మా గల్లీలో మగ్గాలు సగం కూడా లేవు ఇప్పుడు. ఉన్నవి కూడా వేరే రకం, చప్పుడు వేరు. వీధిలో పడుగు చాచడం చూసిన పిల్లలు ఒక్కరూ లేరు. ఆ గుంజలు పాతిన చోట మోటారుసైకిళ్లు పెడుతున్నారు.

మా ఏర్పాటులో ఉందని మొదట చెప్పిన పద్ధతి ఇది. ఏ పిల్లకూ ఫీజు మాఫ్ చేయం. ఆ మాట గ్రౌండులో ఎవరూ అనకూడదు. చేతనైనవాళ్లు పైసలు ఇస్తారు, కానివాళ్లు తమ చేతికి వచ్చిన పని ఇస్తారు. ఒకామె అంగీల మీద నంబర్లు కుడుతుంది. ఒకాయన పొద్దున్నే వచ్చి సున్నంతో గీతలు గీస్తాడు. నా లెక్కల్లో అన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఒకే మాటతో: ముట్టింది.

ఈసారి ఒక కొత్త పిల్ల వచ్చింది. తల్లి బీడీలు చుడుతుంది. బిడ్డ గేటు బయటనే నిలబడితే, తల్లి నా దగ్గరికి వచ్చి చేటలో ఆకులు సర్దుకుంటూ మెల్లగా అడిగింది.

"నాకేం పని వస్తదక్కా? బీడీలు సుట్టుడు తప్ప ఇంకోటి రాదు."

నేను ఆమె వేళ్లు చూశాను. మాట్లాడుతూనే ఉంది, చూడకుండానే చుడుతోంది, దారం తిప్పి ముడి వేస్తోంది. రెప్ప కొట్టేలోపల ఒక ముడి.

"నెట్టు సినిగింది చెల్లే. ముడులేస్తవా?"

ఆమె చెయ్యి ఆగింది. "ముడులా? గంతేనా?" అంది. బీడీ తలను మళ్లీ మడుస్తూ, గేటు దిక్కు తిరిగి గట్టిగా, అందరికీ వినపడేలా, "లోపలికి రావే, గక్కడ నిలవడ్డవేంది?" అని బిడ్డను పిలిచింది.

ఆ నెట్టే నేను వాసన చూసింది. రాత్రి అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"గంజి వాసన వచ్చిందానే?" అని అడిగింది.

"లేదక్కా. తంబాకు వాసన."

 మా గొంతులు ఇప్పటికీ పెద్దవే. ఆమె నవ్వితే ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది.

"ఐతే మేకల ఫికరు లేదు తియ్," అంది.

మరునాడు పొద్దున ఆ పిల్ల మొదటి బంతి కొట్టింది. నెట్టుకు తగిలి ఇటే పడింది. తల్లి గోడ పక్కన చేట పెట్టుకొని కూర్చుంది. బంతి తగిలిన చోట ముడి ఊడిందేమోనని లేచి వచ్చి చూసింది. ఊడలేదు.

"ఎగురే," అంది బిడ్డతో.